నాన్న మెడ మీద నా చేతులు

మా అమ్మకు తలనొప్పి వచ్చిన రోజు, నేను బడి నుంచి వస్తూ వీధి మలుపులోనే తెలుసుకునేదాన్ని. కద్మాలో మేముండే కంపెనీ క్వార్టరు ముందుగది కిటికీకి ఆకుపచ్చ పరదా ఉండేది. పట్టపగలు అది పూర్తిగా లాగి ఉందంటే లోపల అమ్మ పడుకుని ఉన్నట్టే. చెప్పులు బయటే విప్పి, తలుపు చప్పుడు కాకుండా తోసి, వంటింట్లో ఏదైనా ఉంటే తినేసి ఒక మూల కూర్చునేదాన్ని. అమ్మ పాత చీర ముక్క తలకు బిగించి కట్టుకుని, గోడవైపు తిరిగి పడుకునేది. పక్కన ఒక ప్లాస్టిక్ మగ్గు. వాంతి అయితే కాస్త తెరిపి వస్తుందని దాని కోసమే ఎదురు చూసేది.

అది పార్శ్వనొప్పి. ఇప్పుడందరూ మైగ్రేన్ అంటున్నారు. ఎడమ కణత దగ్గర మొదలై కంటి వెనక్కి పోయేది. వెలుతురు పడేది కాదు, చప్పుడు పడేది కాదు, పోపు వాసన అసలే పడేది కాదు. నొప్పి వచ్చే ముందురోజే అమ్మ మెడ పట్టుకుని, "కర్రయిపోనాదే మెడ. రేపు నాను లెగను సూడు" అనేది. అన్నట్టే మర్నాడు లేచేది కాదు.

నాన్న ఉక్కు కంపెనీలో క్రేన్ నడిపేవాడు. పెద్ద షెడ్డు పైకప్పు కింద పట్టాల మీద అటూ ఇటూ తిరిగే క్రేన్ అది. దానికి వేలాడే చిన్న గదిలో కూర్చుని, కింద బరువులు కట్టే ఖలాసీ చేతులతో చేసే సైగలు చూస్తూ, బరువులు ఎత్తి దించడం ఆయన పని. షిఫ్టు ఎనిమిది గంటలూ తల వంచి నేలకేసే చూడాలి. మధ్యాహ్నం షిఫ్టు దిగి ఇంటికొచ్చి, పరదా లాగి ఉండడం చూస్తే చెప్పులు బయటే విప్పేవాడు. చొక్కా మార్చుకుని తనే అన్నం వండి చారు కాచేవాడు. ఆ చారుకి పోపు పెట్టేవాడు కాదు. చప్పగా, చింతపండు వాసనతో ఉండే ఆ చారే మా ఇంట్లో అమ్మ జబ్బుకు గుర్తు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా అమ్మను ఆసుపత్రిలో మెడకు వైద్యం చేసే గదికి పంపారు. తోడు నేను వెళ్ళాను. అక్కడొక నడివయసు ఆవిడ అమ్మను వెల్లకిలా పడుకోబెట్టి, తను తలవైపు కూర్చుని, రెండు అరచేతులూ తల కింద పెట్టి, వేళ్ళ కొసల మీద పుర్రె అడుగు భాగాన్ని ఆనించుకుంది. ఒత్తలేదు, తిప్పలేదు. ఊరికే అలా పట్టుకుని కూర్చుంది. ఐదు నిమిషాలో పది నిమిషాలో గడిచాయి. అమ్మ ముఖంలో నుదుటి ముడతలు ఒక్కొక్కటే విడిపోవడం నేను చూశాను. లేచి కూర్చుని, కిటికీలోంచి వచ్చే ఎండ కేసి చూసి, "ఏటి సేసిందే ఈవిడ?" అంది నా చెవిలో. ఆ గది నుంచి బయటికి వచ్చేటప్పటికే నేనేం చదవాలో నాకు తెలిసిపోయింది.

ఒడిశాలో ఉండి ఫిజియోథెరపీ చదివాను. చేరే ముందు నాన్న అడిగిన మాట ఒక్కటే. "ఒత్తడానికి కూడా అన్నేళ్ళు సదవాలేటి?" అమ్మ నవ్వింది. నేను నవ్వలేదు. కోపంగా హిందీలో ఏదో జవాబు చెప్పాను. మా ఇంట్లో అదే అలవాటు. వాళ్ళు తెలుగులో అడిగితే నేను హిందీలో చెప్పేదాన్ని. ఉక్కు పని కోసం వలస వచ్చిన ఆ ఊళ్ళో బడి, వీధి, స్నేహితులు, అంతా హిందీయే. తెలుగు రాయడం, చదవడం మాత్రం అమ్మ పట్టుబట్టి నేర్పింది.

చదువయ్యాక సాక్చి బజారులో, ఒక బట్టల దుకాణం మేడ మీద ఉన్న చిన్న క్లినిక్కులో చేరాను. దాన్ని నడిపేది ఒక బెంగాలీ ఆవిడ. అందరం మేడమ్ అనేవాళ్ళం. కింద ఆటోల గోల, పైన మూడు బల్లలు, మధ్యలో తెల్లటి తెరలు. మేడమ్ మొదటి వారం నా చేత ఎవరి మెడా పట్టించలేదు. రోగులు మెట్లెక్కి రావడం చూడమంది. పేరు రాసేటప్పుడు కలం ఎలా పట్టుకుంటున్నారో చూడమంది. "మెడ నొప్పి అని వచ్చినవాళ్ళ మెడ ఆఖర్న ముట్టుకో. ముందు చేతులు చూడు, తర్వాత కాళ్ళు చూడు. మెడలోంచి పోయే తీగ నలిగితే ఆ సంగతి మెడ చెప్పదు, చేతులూ కాళ్ళూ చెబుతాయి" అంది. నేను నోటుబుక్కులో రాసుకున్నాను. రోగులందరి దగ్గరా పాటించాను కూడా.

నా మొదటి నిజమైన రోగి అమ్మే. పార్శ్వనొప్పి చేతులతో పోయేది కాదని అమ్మకు ముందే చెప్పాను. డాక్టరు ఇచ్చిన మాత్రలు మానొద్దన్నాను. కానీ అమ్మకు నొప్పి రాజుకునే ముందు మెడ బిగుసుకుంటుంది కదా, ఆ బిగువు తగ్గిస్తే నొప్పి వచ్చే రోజులు కొన్నయినా తగ్గుతాయేమో చూద్దామన్నాను. వేడినీళ్ళ కాపడం పెట్టేదాన్ని. ముచ్చిలిగుంటకు రెండు వైపులా ఉండే చిన్న కండరాలను వేళ్ళ కొసలతో పట్టుకుని, అవి వాటంతట అవే వదులయ్యేదాకా ఆగేదాన్ని. గడ్డాన్ని మెల్లగా వెనక్కి లాక్కుని మెడ వెనక భాగాన్ని పొడుగు చేసే వ్యాయామం నేర్పాను. ఒళ్ళు బరువుగా ఉన్నా రోజూ కాసేపు నడవమన్నాను. పూజలూ ఉపవాసాలంటూ కడుపు మాడ్చుకోవద్దన్నాను. గోడ కేలండరులో నొప్పి వచ్చిన తేదీ మీద ఎర్ర చుక్క పెట్టమన్నాను.

మొదటి రెండు నెలలు ఏ తేడా లేదు. తర్వాత చుక్కలు పలచబడ్డాయి. నెలలో సగం రోజులు పరదా మూసుకుని బతికిన మనిషి, ఒక వేసవిలో మూడు వారాలు వరసగా ఒక్క చుక్కా పెట్టలేదు. ఆ కేలండరు పట్టుకుని అమ్మ పక్కింటివాళ్ళకు చూపించింది. "మా గుంట సేసినాది" అని నా గురించి అందరితో చెప్పుకుంది.

నేను క్లినిక్కులో ఉన్నప్పుడు నొప్పి వస్తే ఎలాగని, నాన్నకు తల పట్టుకోవడం నేర్పాను. క్రేన్ మీటలు నడిపి నడిపి ఆయన వేళ్ళకు విచిత్రమైన ఒడుపు వచ్చింది. ఎంత బలం పెట్టాలో చెప్పనక్కర లేకపోయింది. "ఒత్తకు నాన్నా. బరువు దానంతట అది నీ వేళ్ళ మీదికి రావాలి" అన్నాను. "తెలుసులేయే. గిన్ని నిండా కరిగిన ఉక్కున్నప్పుడు ఎలగ పట్టాలో అలగే గదా" అన్నాడు. అమ్మ కళ్ళు మూసుకుని, "మీ నాన్న సెయ్యి నీకన్నా మెత్తగున్నాది" అంది. ఆ తర్వాత నేను ఇంట్లో ఉన్నా అమ్మ నన్ను పిలిచేది కాదు. ఆయన్నే పిలిచేది.

నాకు పెళ్ళయి సాక్చిలోనే కాపురం పెట్టాను. నాన్న రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి, సీతారాండేరాలో రెండు గదుల ఇంటికి మారారు. అక్కడికి వెళ్ళిన రెండో ఏడు నాన్నకు మెడ నొప్పి మొదలైంది. మెడ నుంచి తల వెనక్కి ఎగబాకేది. తల తిప్పాలంటే ఒళ్ళంతా తిప్పేవాడు. ఎక్స్‌రే తీయించాను. వయసుకు తగ్గ అరుగుదల కనిపించింది. అన్నేళ్ళు వంగిన మెడకు అది ఉండడంలో ఆశ్చర్యం ఏముందనుకున్నాను.

బుధవారం సాయంత్రాలు, ఆదివారం పొద్దునలు వెళ్ళి నాన్నకు వైద్యం చేసేదాన్ని. నేను వెళ్ళేసరికి లుంగీ, బనియనుతో మంచం మీద సిద్ధంగా ఉండేవాడు. నేను కాపడం పెట్టి, మెడ కండరాలు సడలించి, తల కింద చేతులు పెట్టి మెల్లగా నా వైపు లాగి పట్టుకునేదాన్ని.

నా జీవితంలో నాన్న నాతో ఎక్కువగా మాట్లాడింది ఆ మంచం మీదే. నా ముఖం ఆయనకు కనిపించేది కాదు కాబట్టి కావచ్చు, మాటలు సులువుగా వచ్చేవి. పైనుంచి చూస్తే మనుషులకు ముఖాలుండవని, వట్టి టోపీలే తిరుగుతుంటాయని చెప్పాడు. ఖలాసీల నడకను బట్టే ఎవరు ఎవరో పోల్చుకునేవాడట. ఎండాకాలం కింది నుంచి ఉక్కు సెగ, పైనుంచి రేకుల సెగ, మధ్యలో తను. "ముప్పయ్యేళ్ళు నేలకేసే సూసినానమ్మా. ఇప్పుడు పైకి సూద్దారంటే మెడ రాట్లేదు" అన్నాడొకసారి. నవ్వుతూనే అన్నాడు. నేను క్లినిక్కులో అందరితో హిందీలో మాట్లాడి మాట్లాడి, నాన్న మంచం దగ్గరకొచ్చేసరికి తెలియకుండానే తెలుగులోకి మారిపోయేదాన్ని. ఒకరోజు ఆయనే గమనించాడు. "హిందీ మర్సిపోనావేటి గుంటా?" అన్నాడు.

నాలుగు నెలల్లో నొప్పి బాగా తగ్గింది. "ఎలా ఉంది నాన్నా?" అంటే, "నొప్పి నేదు తల్లీ. పోనాది" అనేవాడు. ఆ మాట నేను క్లినిక్కులో మేడమ్‌కి గర్వంగా చెప్పాను.

ఇక్కడే నేను ఆగి రాయాల్సిన సంగతులున్నాయి. టీ గ్లాసును నాన్న రెండు చేతులతో పట్టుకోవడం నేను చూశాను. చలికి వేళ్ళు కాచుకుంటున్నాడనుకున్నాను. గుమ్మం దిగుతుంటే చెప్పు కాలి నుంచి జారిపోయి, అది జారిన సంగతి కూడా ఆయనకు తెలియకపోవడం చూశాను. చెప్పులు పాతవైపోయాయి, కొత్తవి కొనాలనుకున్నాను. కమలాపండు ఒలవమని అమ్మ చేతికివ్వడం చూశాను. ఫోనులో నాకు బదులు ఇంకెవరికో నొక్కేయడం, అద్దాల మీద నెపం పెట్టడం విన్నాను. ఆ రోజుల్లోనే క్లినిక్కుకి వచ్చిన ఒక కూరగాయల వ్యాపారి సంచీ ముడి విప్పలేక తడబడితే, వెంటనే అతని చేతులు పరీక్షించి పెద్దాసుపత్రికి పంపాను. ఆ పని చేసిన సాయంత్రమే సీతారాండేరా వెళ్ళి నాన్న మెడకు కాపడం పెట్టాను. ఆయన చేతులు చూడలేదు. ఆయన నాకు రోగిలా కనిపించలేదు. నాన్నలాగే కనిపించాడు.

ఫిబ్రవరిలో చుట్టాల ఇంట పెళ్ళి. పది గంటలకు వస్తానని చెప్పి, ఆటో త్వరగా దొరకడంతో తొమ్మిదింటికే వెళ్ళిపోయాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసుకుని లోపలికి వెళ్ళాను. నాన్న గది మధ్యలో నిలబడి ఉన్నాడు. కొత్త చొక్కా తొడుక్కుని, చేతులు రెండూ పక్కలకు వదిలేసి, గడ్డం పైకెత్తి ఉన్నాడు. అమ్మ ఆయన ముందు నిలబడి బొత్తాలు పెడుతోంది. మాటల్లేకుండా, తొందర లేకుండా పెడుతోంది. అది మొదటిసారి చేస్తున్న పని కాదని చూడగానే తెలిసింది.

అమ్మ నన్ను చూసి ఉలిక్కిపడింది. నాన్న వెంటనే, "ఆటో కోసమని తొందరలో..." అన్నాడు.

"అమ్మా, నువ్వు పక్కకి రా. నాన్నా, ఆ బొత్తాం నువ్వు పెట్టుకో" అన్నాను.

"ఇప్పుడెందుకే, టైమైపోతంది."

"పెట్టుకో నాన్నా."

కుడిచేతి బొటనవేలితో బొత్తాన్ని కాజా దగ్గరికి తెచ్చాడు. వేలు దాని మీంచి జారిపోయింది. మళ్ళీ తెచ్చాడు. మళ్ళీ జారింది. మూడోసారి బొత్తాన్ని పట్టుకున్నాననుకుని ఖాళీ వేళ్ళను కాజాలోకి తోశాడు. చొక్కా మీద చూపు లేకపోతే తన చేతిలో ఏముందో ఆయనకు తెలియడం లేదు.

పిడికిలి మూసి తెరవమన్నాను. వేగంగా అన్నాను. వేళ్ళు నీళ్ళలో కదులుతున్నట్టు కదిలాయి. గచ్చు మీద పలకల గీత వెంబడి, ఒక అడుగు వెనకే ఇంకో అడుగు పెట్టి నడవమన్నాను. రెండో అడుగుకే తూలి గోడ పట్టుకున్నాడు. నేను పట్టుకోవడానికి వెళ్ళలేదు. అక్కడే నిలబడి ఉన్నాను. ఆ క్షణంలో నేను కూతుర్నో, వైద్యం చేసేదాన్నో నాకే తెలియలేదు.

"ఎప్పటి నుంచి?" అని అడిగాను అమ్మను.

అమ్మ నాన్న కేసి చూసింది. ఆయన తల దించుకున్నాడు.

"దసరా ముందర నుండి బొత్తాలు నానే ఎడతన్నాను" అంది అమ్మ. "అన్నం మాత్రం సెంచాతో తింటన్నాడు. నీకు సెప్పీద్దారన్నాను. ఒద్దన్నాడు."

"ఎందుకు?"

నాన్నే జవాబు చెప్పాడు. "నొప్పి తగ్గించీసినావు గదమ్మా. మళ్ళీ సెయ్యి బాగోనేదని సెప్తే, నీ వైద్యం పన్జెయ్యనేదనుకుంతావని. ముసిలోణ్ణి, సేతులు కాసింత వణకవేటి? పోనీలే అనుకున్నాను."

పెళ్ళికి వెళ్ళలేదు. నాన్న కొత్త చొక్కాతోనే మంచం మీద కూర్చున్నాడు. అమ్మ పట్టుచీర విప్పి మామూలు చీర కట్టుకుని, ఎవరూ అడగకుండానే టీ పెట్టింది.

సోమవారం స్కాన్ తీయించాం. ఆ ఫొటో ఎత్తి కిటికీ వెలుగులో పెట్టుకుని చూశాను. మెడ ఎముకల మధ్యలోంచి దిగే వెన్నుపాము రెండు చోట్ల నొక్కుకుపోయి ఉంది. నేను నెలల తరబడి ప్రేమగా పట్టుకున్న చోటే, నా వేళ్ళకు రెండంగుళాల లోపల, అది నలుగుతూ ఉంది. పైనున్న కండరాలను సడలించి నేను నొప్పి తగ్గించాను. ఆ నొప్పి అలాగే ఉండి ఉంటే నాన్న ముందే ఇంకెవరి దగ్గరికో వెళ్ళేవాడేమో.

కోల్‌కతా తీసుకెళ్ళాం. ఆపరేషన్ చేసే డాక్టరు నా వయసువాడే. నేనేం పని చేస్తానో తెలుసుకున్నాక కొంచెం జాగ్రత్తగా మాట్లాడాడు. "మీరు చేసిన వైద్యం వల్ల ఇది రాలేదు. అది మనసులో పెట్టుకోకండి. కానీ ఆలస్యమైంది. ఆపరేషన్ ఇంకా చెడిపోకుండా ఆపుతుంది. పోయిందాన్ని ఎంత తిరిగి తెస్తుందో చెప్పలేను" అన్నాడు. బొత్తాలు పెట్టుకోలేకపోవడం ఎన్నాళ్ళ నుంచి అని అడిగాడు. పక్కన కూర్చున్న అమ్మ, హిందీ సరిగా రాని అమ్మ, "దసరా సే" అని చెప్పింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. నడక కొంత మెరుగైంది. కర్ర పట్టుకుని వీధి చివరిదాకా వెళ్ళి వచ్చేవాడు. చేతులకు పట్టు మాత్రం తిరిగి రాలేదు. నేను క్లినిక్కుకి సెలవు పెట్టి రోజూ సీతారాండేరా వెళ్ళేదాన్ని. పళ్ళెంలో రాజ్మా గింజలు పోసి ఒక్కొక్కటే ఏరి గిన్నెలో వేయమనేదాన్ని. గోధుమపిండి ముద్దను నొక్కమనేదాన్ని. బట్టల క్లిప్పులు తాడుకి పెట్టమనేదాన్ని. నాన్న అన్నీ చేసేవాడు. ఒక్కరోజు విసుక్కోలేదు. గింజ వేళ్ళ మధ్య నుంచి జారి గచ్చు మీద దొర్లిపోతే, నా కేసి చూసి క్షమించమన్నట్టు నవ్వేవాడు. ఆ నవ్వుకన్నా తిట్టి ఉంటే బాగుండేది.

ఈ నెలల్లోనే అమ్మ చుక్కలు మళ్ళీ చిక్కబడ్డాయి. నిద్ర లేదు, వేళకు తిండి లేదు, నాన్నను లేపడం, కూర్చోబెట్టడం. కేలండరులో చుక్కలు పెట్టడం కూడా మానేసింది. మే నెలలో ఒక మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి కిటికీకి దుప్పటి కట్టి ఉంది. గదిలో చీకటి. అమ్మ వెల్లకిలా పడుకుని ఉంది. నాన్న తలవైపు కుర్చీ వేసుకుని, చేతులు ఆమె తల కింద పెట్టి కూర్చున్నాడు. ఆ చేతులు అక్కడ ఉన్నాయన్న మాటే గాని, వేళ్ళ కొసలు ఎక్కడో ముచ్చిలిగుంటకు దూరంగా, దిండు మీద వంకరగా పడి ఉన్నాయి.

"తగ్గుతందేటి?" అన్నాడు నాన్న.

"తగ్గుతంది. బాగున్నాది. అలగే ఉంచు" అంది అమ్మ. ఆమె కళ్ళ కొసల నుంచి నీళ్ళు చెవుల్లోకి దిగుతున్నాయి. అది నొప్పికో, మరి దేనికో.

నేను గుమ్మంలోనే ఆగిపోయాను. కాసేపటికి నాన్న నన్ను చూసి, బయటికి రమ్మన్నట్టు తల ఊపి, కర్ర పట్టుకుని వరండాలోకి వచ్చాడు. "మీ యమ్మ తల నా సేతుల్లో ఉన్నాదో నేదో నాకు తెలట్లేదమ్మా. సూత్తే గాని తెలట్లేదు. సీకట్లో ఎలగ సూత్తాను?" అన్నాడు. అంతకుముందు కోల్‌కతాలో గాని, ఆపరేషన్ ముందు గాని ఏడవని మనిషి, వరండా స్తంభానికి నుదురు ఆనించి ఏడ్చాడు. నేను ఆయన వీపు మీద చెయ్యి వేశాను. వైద్యం చేయడానికి కాదు.

ఆ తర్వాత క్లినిక్కుకి వెళ్ళబుద్ధి కాలేదు. ఇక ఈ పని చేయనని మేడమ్‌కి చెప్పడానికి వెళ్ళాను. ఆవిడ అంతా విని, చేతిలోని కలం పక్కన పెట్టింది. తర్వాత, "మా అన్నయ్యకు భుజం నొప్పి అంటే నెల్లాళ్ళు నేనే వైద్యం చేశాను. అది గుండె నుంచి వచ్చే నొప్పి" అంది. ఆ అన్నయ్య ఏమయ్యాడని నేను అడగలేదు. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, రెండో బల్ల మీద ఒకావిడ మెడ నొప్పితో ఎదురు చూస్తోందని చెప్పింది. నేను తెర తీసుకుని లోపలికి వెళ్ళాను. ముందు చేతులు చూపించమన్నాను.

నాన్న మరో రెండు చలికాలాలు చూశాడు. రెండోదాంట్లో దగ్గు మొదలై ఛాతీలోకి దిగింది. ఆసుపత్రిలో పదకొండు రోజులు ఉన్నాడు. చివరి రోజుల్లో ఆక్సిజన్ గొట్టం వల్ల మాట్లాడలేకపోయేవాడు. మెడ కింద తువ్వాలు చుట్టి సరిచేస్తే, హాయిగా ఉందన్నట్టు కనురెప్పలు వాల్చేవాడు. ఒక పొద్దున, అమ్మ మొహం కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు పోయాడు. గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. స్నానం చేయించాక కొత్త చొక్కా తొడిగించి బొత్తాలు పెట్టింది అమ్మే. పైదాకా అన్నీ పెట్టింది.

ఇప్పుడు అమ్మ మా ఇంట్లో ఉంటోంది. తలనొప్పులు వస్తూనే ఉన్నాయి గాని మునుపటంత ఉధృతంగా రావు. డాక్టరు మందు మార్చాడు. ఆదివారాలు నేను ఆమె మెడకు కాపడం పెట్టి, తల పట్టుకుని కూర్చుంటాను. మొన్నటి ఆదివారం అలా పట్టుకుని ఉండగా, నిద్రపోయిందనుకున్న అమ్మ ఉన్నట్టుండి కళ్ళు తెరవకుండానే అడిగింది.

"ఒక మాట అడుగుతాను. నిజం సెప్పు."

"అడుగమ్మా."

"దసరా ముందరే నాను నీకు సెప్పీసుంటే, మీ నాన్న సేతులు బాగుండేవేటి?"

నాకు ఆ జవాబు తెలుసు. ఇలాంటి జబ్బులో నెలలే లెక్క. అప్పుడే ఆపరేషన్ అయి ఉంటే చేతులు పూర్తిగా రాకపోయినా, బొత్తాం పెట్టుకునేంత, చీకట్లో భార్య తలను పోల్చుకునేంత మిగిలి ఉండేవేమో. ఆ మాట చెప్పడానికి ఈ భూమి మీద ఎవరికైనా హక్కు ఉంటే అది నాకు మాత్రం లేదు. ఆయన చెప్పొద్దన్నాడని ఆమె ఊరుకుంది. ఎవరూ చెప్పక్కర లేకుండానే చూడాల్సింది నేను.

"లేదమ్మా. అప్పటికే లోపల నలిగిపోయింది. ముందు చెప్పినా ఇంతే" అన్నాను.

"నిజమేనా?"

"నిజమే."

ఆ మాటతో ఆమె మెడ వదులవుతుందేమోనని వేళ్ళతో చూశాను. కాలేదు. పుర్రె కింద రెండు వైపులా ఆ కండరాలు బిగిసి అలాగే ఉన్నాయి. బయట ఎవరో మోటారుసైకిలు స్టార్టు చేసుకుని వెళ్ళిపోయారు. నేను చేతులు తీయకుండా, అమ్మ తల బరువు నా వేళ్ళ మీదికి వచ్చేదాకా కూర్చునే ఉన్నాను.